రెండో బ్రేకు లేని కారు

జూన్ 3

ఒరే తమ్ముడూ,

కుశలప్రశ్నలు తర్వాత. ముందు మా ఇంట్లో గోల విను. మీ బావ పోయిన నెలాఖరున డ్రైవింగ్ స్కూలు మూసేశారు. బోర్డు దింపేసి, రెండు జతల పెడళ్ళున్న ఆ పాత కార్లు మూడూ అమ్మేసి, ఇంటికొచ్చి "ఇక నేను ఖాళీ" అన్నారు. పోనీలే, ఇన్నాళ్ళకి విశ్రాంతి దొరికిందనుకున్నాను. మూడో రోజుకే నా తల ప్రాణం తోకకొచ్చింది. స్టవ్ వెలిగిస్తే "మెల్లగా", గదిలోంచి బయటికొస్తే "అటూ ఇటూ చూసుకుని రా". నిన్న నేను కుర్చీ వెనక్కి జరుపుతుంటే "అద్దం చూశావా?" అన్నారు. "కుర్చీకి అద్దమేమిటండీ" అంటే నాలుక కరుచుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. ముప్ఫై ఏళ్ళు గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో బతికిన ఈ మనిషికి స్పోర్ట్స్ కారు కావాలట! ఊరి చివర పాత కార్లు అమ్మే షెడ్డులో ఒకే మోడలువి రెండున్నాయి. నీలం రంగుది మాన్యువల్, చేత్తో గేర్లు, కాలికి క్లచ్. బూడిద రంగుది ఆటోమేటిక్. అంటే మీ డ్యామ్ సైటులో నువ్వు నడిపే వ్యానులా ఈసురోమంటూ పోయేది కాదు, రేసుల్లో వాడే రకమట. స్టీరింగు వెనక రెండు రెక్కలుంటాయి, వేలితో మీటితే కన్ను ఆర్పేలోపు గేరు మారిపోతుందట. రెండిట్లోనూ సీట్లు రెండే. ఇరవై ఏళ్ళుగా కార్ల సీట్లు కుడుతున్నదాన్ని కదా, నేను చూసింది సీట్లే. నీలం దాంట్లో డ్రైవరు సీటు అంచున కుట్టు విడిపోయింది. బూడిద దాంట్లో ఎవరూ కూర్చున్నట్టే లేదు.

స్కూలు మూసినప్పటినుంచీ మీ బావ రోజూ ఆ షెడ్డుకెళ్ళి రెండింటినీ చూసి రావడం, కాగితం మీద గీతలు గీయడం. నీకు తెలుసు కదా కార్ల సంగతి, ఏది మంచిదో రాయి. ఉత్తరం ఎప్పటిలాగే భోజనాల బల్ల దగ్గర ఆయనే పైకి చదువుతారు కాబట్టి పిచ్చి పిచ్చి జోకులు రాయకు.

అదిగో, నా భుజం మీంచి చూస్తూ "అక్షరాలు పక్కకి పోతున్నాయి, నీ లైన్లో నువ్వుండు" అంటున్నారు.

నీ గోల భరించలేని, నువ్వు లేకపోతే తోచని
అక్క


జూన్ 12

అక్కా, బావా,

డ్యామ్ సైటు స్టోర్సులోంచి రాస్తున్నాను. ఇక్కడ ఫోను పలకదు, డీజిలు ట్యాంకరు బుధవారం పైకొస్తుంది, దాంతోపాటే ఉత్తరాలూ వస్తాయి. నీ ఉత్తరం సిమెంటు బస్తాల మీద కూర్చుని చదివి ఒక్కడినే నవ్వుకున్నాను. క్రేను ఆపరేటరు "ఏంటి గురూ, పెళ్ళి సంబంధమా?" అన్నాడు. "కాదు, మా బావ స్పోర్ట్స్ కారు కొంటున్నాడు" అంటే వాడు నాకంటే ఎక్కువ నవ్వాడు. కోప్పడకు బావా.

కార్ల గురించి నీకు నేను చెప్పడమేంటి బావా? మన ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది నీ చేతి కింద నేర్చుకున్నవాళ్ళే. నువ్వేది కొంటే అదే మంచిది. నేను నడిపేది సరుకుల వ్యాను, అదీ స్టోర్సు నుంచి సొరంగం దాకా. ఎడమ కాలు పనికిరాకుండా పోయింది కాబట్టి ఆటోమేటిక్ ఇచ్చారు, అంతేగాని నాకు పెద్ద తెలివి ఉండి కాదు.

వానలు ముందే మొదలయ్యేలా ఉన్నాయి. కొండదారి తెగితే ఉత్తరాలు ఆలస్యమవుతాయి, కంగారు పడొద్దు.

మీ
స్టోర్సు బాబు


జూన్ 18

ఒరే,

ఇది ఇంట్లోంచి కాదు, మా సీట్ల షాపులోంచి, మిషను పక్కన తోలుముక్కల మీద పెట్టి రాస్తున్నాను. మీ బావకి తెలియదు. దీనికి జవాబు షాపు అడ్రసుకి రాయి. నువ్వు రాసిన ఆ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. "నువ్వేది కొంటే అదే మంచిది" అని తప్పించుకున్నావు. సరే, నేను సూటిగా అడగకపోవడం నా తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను.

నాకు పందొమ్మిదేళ్ళుగా మీ బావ డ్రైవింగు నేర్పుతున్నారు. ప్రతి ఆదివారం పొద్దున ఏడు నుంచి ఎనిమిది. పక్క సీట్లో ఆయన, ఆయన కాలికింద రెండో బ్రేకు. సందులు తిప్పిస్తారు, మార్కెట్టు దాటిస్తారు, సరిగ్గా పాత బ్రిడ్జి ఎత్తు మొదలయ్యే చోటికి రాగానే "చాలు, తిప్పు" అంటారు. ఇంటికొచ్చి తన నోటుపుస్తకంలో తేదీ వేసి "ఇంకా సిద్ధం కాలేదు" అని రాస్తారు. ఎందుకండీ అంటే ఒకటే జవాబు: "ఎత్తు మీద క్లచ్ నిలపడం నీకు రాదు." ఎక్కనివ్వకుండా రాదని ఎలా తెలుస్తుందిరా? మా షాపులో చేరిన పిల్లలు ఆయన దగ్గరే రెండు నెలలు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుని, నన్ను దారిలో చూసి హారను కొట్టి పోతున్నారు. ఇక్కడి ఆఫీసులో నేర్పినవాళ్ళ సంతకం లేకుండా పరీక్షకి రానివ్వరు. ఇంకో స్కూల్లో చేరానంటే ఆయన తలెత్తుకోలేరు. అది నేను చెయ్యలేను, ఆయనంటే నాకు ప్రేమే, అదే నా ఖర్మ.

ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోలేను. మా యజమాని హైవే మీద కొత్త యూనిట్ పెడుతున్నాడు. ఎనిమిది మిషన్లు, బస్సుల సీట్లు కుట్టే పని. ఇన్‌చార్జిగా నన్ను అడిగాడు! నన్ను! అక్కడికి బస్సు లేదు, పొద్దునా సాయంత్రం శాంపిళ్ళు తీసుకుని నడుపుకుంటూ వెళ్ళాలి. లైసెన్సు వస్తుందో రాదో జూలై పదిహేనులోగా చెప్పమన్నాడు. ఈ చీకటి గదిలో ఈ కిటికీ వైపు వీపు పెట్టుకుని ఇరవై ఏళ్ళు కుట్టాను. ఇది పోతే ఇంకోటి రాదు, నాకు నలభై ఆరు.

అందుకే ఆటోమేటిక్ కావాలి. క్లచ్చే లేకపోతే ఎత్తు మీద నిలపడమనే మాటే ఉండదు. ఆయన దగ్గర ఇంకో సాకు లేదు. నేను చెబితే వినరు, నువ్వు చెబితే వింటారు. నీ కారు జారిపడింది ఆ బ్రిడ్జి ఎత్తు మీదే కదా. లైసెన్సు వచ్చిన మూడో రోజు క్లచ్ నిలపలేక కాలు పోగొట్టుకున్నవాడివి, ఆటోమేటిక్ అయితే ఆ గొడవ లేదని నువ్వొక్క ముక్క రాస్తే ఆయన ఇక మాట్లాడరు. ఇంటి అడ్రసుకే రాయి, ఆయనే చదవాలి. ఎప్పుడూ నిన్నేమీ అడగలేదు. ఇదొక్కటి చెయ్యి.

అక్క


జూన్ 27

అక్కకీ, బావకీ,

కారు గురించి మళ్ళీ ఆలోచించాను. నా మటుకు మాన్యువలే మంచిదనిపిస్తోంది బావా. ఆటోమేటిక్ గేరుపెట్టె లోపల రెండు క్లచ్‌లూ, దానికో కంప్యూటరూ, చల్లబరచడానికి నూనె గొట్టాలూ ఉంటాయి. పాతబడ్డాక ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు. మా సైటు మెకానిక్కు కూడా అదే అన్నాడు. మాన్యువల్ అయితే చేతికి తెలుస్తుంది, కాలికి తెలుస్తుంది. నువ్వు నేర్పిన విద్య అది. దాన్ని వదిలేసి రెక్కలు మీటుకుంటూ కూర్చుంటావా?

క్లచ్ అంటే భయపడాల్సిందేమీ లేదు. నేర్చుకున్నవాళ్ళకి ఎత్తయినా పల్లమైనా ఒకటే. అక్కకి కూడా అది వచ్చేస్తుంది.

ఇక్కడ నిన్నటినుంచి ఎడతెరిపి లేని వాన. స్టోర్సు కప్పు కారుతోంది, బకెట్లు పెట్టి కూర్చున్నాం.

మీ
తమ్ముడు


జూలై 4

నువ్వు నా తమ్ముడివేనా?

షాపులోంచి రాస్తున్నాను. అక్షరాలు ఏ లైన్లోకి పోతాయో పోనీ. నేను కాళ్ళావేళ్ళా పడి అడిగింది ఒకటి, నువ్వు రాసింది ఇంకొకటి. కనీసం ఊరుకున్నా బాగుండేది. నూనె గొట్టాలట! నా నోట్లో మట్టి కొట్టడానికి నీకు నూనె గొట్టాలు కావలసి వచ్చాయా?

ఏం జరిగిందో విను. మీ బావ నీ ఉత్తరం పైకి చదివారు. తర్వాత లోపల్లోపల మళ్ళీ చదివారు. మూడోసారి చదివి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఎందుకో నాకర్థం కాలేదు. "చూశావా, క్లచ్ అంటే భయపడక్కర్లేదని వాడే రాశాడు, వాడే!" అన్నారు. ఆ సాయంత్రమే వెళ్ళి నీలం కారు తెచ్చేశారు. ఇంటి ముందు ఆపి, దిగి, దాని చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆ మనిషి మొహంలో అంత వెలుగు నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆదివారం ఏడింటికి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నావైపు చూసి "ఇందులో రెండో బ్రేకు లేదు కదా" అన్నారు. "లేకపోతే?" అన్నాను. "లేకపోతే నీ పక్కన ఎలా కూర్చోను? నీకేమన్నా అయితే?" అని తాళం జేబులో వేసుకున్నారు. అంతే. పందొమ్మిదేళ్ళ ఆదివారాలు కూడా అయిపోయాయి. ఇదివరకు బ్రిడ్జి ఎత్తు దాకా అయినా పోయేదాన్ని, ఇప్పుడు గేటు దాకానే. స్కూలు కార్లు అమ్మేశారు, ఈ కారు ముట్టుకోనివ్వరు. పదిహేనో తారీఖు పదకొండు రోజుల్లో ఉంది.

నాకొకటి తోస్తోంది, రాసేస్తున్నాను, తర్వాత ఏడుస్తానేమో. నీ కాలు పోయింది కాబట్టి ఈ ఇంట్లో ఇంకెవరూ స్టీరింగు పట్టకూడదని నీకుందా? అక్క నడిపితే నీకు చిన్నతనమా? మరి ఎందుకు చేశావురా? నాకు ఒక్క కారణం చెప్పు.

ఇంకేమీ లేదు.


జూలై 22

అక్కా,

కొండదారి తెగి పద్నాలుగు రోజులు ట్యాంకరు రాలేదు. నీ ఉత్తరం నిన్న అందింది. పదిహేనో తారీఖు దాటిపోయిందని తెలిసే రాస్తున్నాను.

కారణం అడిగావు. చెబుతాను. మధ్యలో ఆపకుండా చదువు.

నా కారు ఎత్తు ఎక్కుతూ వెనక్కి జారలేదు. ఆ రోజు నేను బ్రిడ్జి దిగుతున్నాను, ఎక్కడంలేదు. పక్కన మోటారుసైకిలు మీద నా స్నేహితుడు. పందెం వేసుకున్నాం, కింద మార్కెట్టు మలుపు దగ్గరికి ఎవరు ముందు వెళ్తారా అని. నాలుగో గేర్లో ఉన్నాను. మలుపు తిరగలేదు. కారు పల్టీలు కొడుతూ కాలవలో పడింది. నా స్నేహితుడు భయపడి పారిపోయాడు, ఎవరికీ చెప్పలేదు. అన్నివైపులా నుజ్జయిన కారుని చూసి ఎటునుంచి వచ్చి పడిందో ఎవరు చెప్పగలరు? ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి నాన్న, పోలీసాయన, బావ మంచం చుట్టూ ఉన్నారు. ఎలా జరిగిందిరా అన్నారు. పందెం అంటే నాన్న చంపేస్తాడు, లైసెన్సు పోతుంది. నోటికొచ్చింది చెప్పాను. "ఎత్తు ఎక్కుతుంటే క్లచ్ నిలపలేకపోయాను బావా" అని.

అందరూ వెళ్ళాక బావ ఒక్కడే ఉండిపోయాడు. నా మంచం ఇనప కడ్డీ పట్టుకుని అన్నాడు: "మీ అక్క బతిమాలిందని నిన్ను తొందరగా పరీక్షకి పంపాను. ఇంకో నాలుగు వారాలు ఆగి ఉండాల్సింది. నీ కాలు నేనే తీసేశాను. ఇంక నావాళ్ళనెవరినీ సిద్ధం కాకుండా పంపను." నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు, నీ మాట మీదే పంపాడని తెలిస్తే నువ్వు కుమిలిపోతావని. నేను పడుకుని విన్నాను. లేదు బావా అని అనలేదు. ఆ రోజు అనలేదు, తర్వాత అనలేదు. ఏడాది గడిచాక చెప్పడం ఇంకా కష్టమైంది, పదేళ్ళు గడిచాక అసలు చేతకాలేదు. నువ్వు ప్రతి ఆదివారం ఎక్కడ ఆగిపోతున్నావో నాకు తెలుసు. ఎందుకు ఆగిపోతున్నావో కూడా తెలుసు. అందుకే ఈ కొండ మీద ఉద్యోగం చూసుకున్నాను, మీ ఇద్దరి మొహాలూ చూడలేక.

నువ్వు అడిగినట్టు ఆటోమేటిక్ మంచిదని రాయాలంటే, ఎత్తు మీద క్లచ్ నన్ను పడేసిందని మళ్ళీ రాయాలి. అదే అబద్ధం, ఈసారి నా చేత్తో కాగితం మీద. కలం కదలలేదు. నిజం రాయడానికి ధైర్యం చాలలేదు. మధ్యలో ఇంకో వెధవ తెలివి తోచింది: క్లచ్ మంచిదేనని నేను రాస్తే బావకి ఆ భయం పోతుందేమో, నిన్ను ఎత్తు ఎక్కిస్తాడేమో అని. బావ ఎందుకు కళ్ళు తుడుచుకున్నాడో నీకు తెలియలేదన్నావు. నేను తనని క్షమించాననుకున్నాడక్కా. నేను, తనని!

కాలు నాది పోయింది, శిక్ష మీ ఇద్దరూ అనుభవించారు. ఈ ఉత్తరం బావకి చదివి వినిపిస్తావో, చింపేస్తావో నీ ఇష్టం. షాపు అడ్రసుకే పంపుతున్నాను, అందులో కూడా పిరికితనమే ఉంది.

తమ్ముడు


ఆగస్టు 5

నీ ఉత్తరం శుక్రవారం అందింది. శనివారం దాకా తోలుముక్కల కింద దాచాను. నిన్ను ఏమని తిట్టాలో వెతికాను, చాలినంత తిట్టు దొరకలేదు. ఇన్‌చార్జి పని కటింగు చేసే ఆయనకిచ్చారు. మంచివాడే, నిన్న స్వీటు పంచాడు. నేను తిన్నాను. నా మిషను ఎక్కడుందో అక్కడే ఉంది.

శనివారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర సంచిలోంచి నీ ఉత్తరం తీశాను. మీ బావ "ఏదీ, ఉత్తరం?" అని చెయ్యి చాపారు. ఈసారి నేను చదువుతాను అన్నాను. మొత్తం చదివాను, ఒక్క మాట వదల్లేదు. ఆయన మధ్యలో "మెల్లగా" అనలేదు. అయిపోయాక బల్ల మీద వేలితో గీతలు గీశారు. తర్వాత అడిగారు:

"ఏ గేరు అన్నాడు?"

"నాలుగు."

"ఒకటీ, రెండూ, మూడూ దాటుకుని నాలుగు దాకా వేశాడా? దిగుతూ?"

"అలాగే రాశాడు."

"అయితే వాడికి బాగానే వచ్చింది" అన్నారు. "నేను బాగానే నేర్పాను" అని ఇంకోసారి అన్నారు. అని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నిన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

నేనూ ఊరుకోలేదు. "మీరు బాగానే నేర్పారు, నాకూ బాగానే నేర్పారు, పందొమ్మిదేళ్ళూ కారణం ఒక్కసారి చెప్పలేదే? నేను మొద్దుదాన్ననుకుని బతికాను కదండీ!" అన్నాను.  నాకోసమని వేసుకున్న ఒట్టు మీకోసం మీరిద్దరూ వేసుకున్నారు, మధ్యలో కూర్చున్నది నేను. నాకు తెలియకుండా మీ ఇద్దరి మధ్యా ఒక మాట జరిగింది, దాని లోపల నేను కాపురం చేశాను. ఇది నేను మర్చిపోతానని అనుకోకు.

మర్నాడు ఆదివారం. ఏడింటికి తాళం నేనే తీసుకున్నాను. ఆయన వద్దనలేదు, వచ్చి పక్కన కూర్చున్నారు. మార్కెట్టు దాటేదాకా ఆయన కుడికాలు కింద మ్యాటుని నొక్కుతూనే ఉంది, అక్కడ బ్రేకు లేదని ఆ కాలికి తెలియదు పాపం. బ్రిడ్జి మొదట్లో అలవాటుగా "చాలు, తిప్పు" అన్నారు. నేను తిప్పలేదు. సగం ఎత్తులో ముందు లారీ ఆగిపోయింది, నేనూ ఆపాల్సి వచ్చింది. హ్యాండ్‌బ్రేకు లాగాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. లారీ కదిలింది. క్లచ్ కొంచెం వదిలాను, కారు ముక్కు లేచినట్టయింది, హ్యాండ్‌బ్రేకు దించాను. ఒక్క అంగుళం వెనక్కి పోలేదురా. ఇది నాకు ఎప్పటినుంచి వచ్చో, ఎవరికి తెలుసు?

పైన పక్కకి ఆపమన్నారు. పరీక్ష దరఖాస్తు నా సంచిలో నాలుగేళ్ళుగా మడతలు పడి ఉంది. బానెట్ మీద పెట్టి సంతకం చేశారు. పరీక్ష వచ్చే నెల. పాసయ్యాక ఏం చేస్తానంటే, ఏం చేయడానికీ లేదు. హైవే యూనిట్ వేరేవాళ్ళది. పొద్దున్నే నీలం కారు నడుపుకుంటూ వెళ్ళి, ఇరవై ఏళ్ళుగా కూర్చున్న అదే చీకటి గదిలో కూర్చుంటాను. 

మీ బావ నీకు రాయరట, చేతకాదట. నిన్ను ఇంటికి రమ్మని నన్ను రాయమన్నారు. నాలుగు రోజులుగా రోజూ అడుగుతున్నారు, రాశావా, రాశావా అని. రాయకూడదనే అనుకున్నాను. నాకింకా నీ మొహం చూడాలని లేదు.

రమ్మంటున్నారు.

అక్క